హాస్యానికి హుందాతనం - ఆలివర్ హార్డీ

నవ్వించడం ఒక కళ. తాను నవ్వులపాలు కాకుండా ఇతరులను నవ్వించడం అంతకంటే కష్టమైన కళ. మన ప్రాచీన సంస్కృత నాటకాలలో విదూషకుడు వికృతమైన ఆకారంతో, తిండిపై తీరని ఆశతో కనిపిస్తాడు. అతని రూపాన్ని చూడగానే ప్రేక్షకులకు నవ్వు వస్తుంది. సగటు మనిషికి భిన్నమైన ఆకారం గల వ్యక్తిని చూసి నవ్వే అలవాటు ఏ ఒక్క దేశానికో, ఏ ఒక్క కాలానికో పరిమితమైనది కాదు. పందొమ్మిదో శతాబ్దపు చివరినాళ్ళలో చలనచిత్రం పుట్టినప్పుడు ఆ అలవాటు కూడా దానితోపాటు తెరమీదికి వచ్చింది. మాటలు లేని మూగచిత్రాల కాలమది. కనిపించే ఆకారమే ముందుగా మాట్లాడేది. అందుచేత లావుపాటి నటులకు హాస్యచిత్రాలలో గిరాకీ ఏర్పడింది. ఆ గిరాకీ వారికి అన్నం పెట్టింది. అయితే చాలామందికి సొంత పేరు లేకుండా చేసింది. అటువంటి కాలంలో వచ్చి, తన శరీరం కంటే తన నటన గొప్పదని నిరూపించి, సొంత పేరును ప్రపంచమంతటా నిలుపుకొన్న హాస్యనటుడు ఆలివర్ హార్డీ. సన్నని లారెల్, లావుపాటి హార్డీ జంటగా లోకం ఎరిగిన ఇద్దరిలో ఈయన రెండవవాడు.

హార్డీ 1892 జనవరి 18న అమెరికా దక్షిణ ప్రాంతంలోని జార్జియా రాష్ట్రంలో, హార్లెమ్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు నార్వెల్ హార్డీ. నార్వెల్ అన్నది తల్లి ఎమిలీ పుట్టింటివారి ఇంటిపేరు. తండ్రి ఆలివర్ హార్డీ అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడి, 1862లో జరిగిన యాంటీటమ్ యుద్ధంలో గాయపడిన సైనికుడు. బిడ్డకు పది నెలలు నిండిన నాటికే ఆయన కన్నుమూశాడు. తండ్రి ముఖం గుర్తులేని ఆ పిల్లవాడు పెద్దవాడైన తరువాత తండ్రి పేరును తన పేరుకు ముందు చేర్చుకొని ఆలివర్ నార్వెల్ హార్డీ అయ్యాడు. తల్లి ఇచ్చిన పేరు, తండ్రి విడిచివెళ్ళిన పేరు రెండూ ఆయనకు ప్రాణప్రదమైనవి. ఈ పేరుకు ఆయన జీవితంలో ఎంత విలువ ఉన్నదో ముందు ముందు తెలుస్తుంది.

భర్త పోయిన తరువాత ఎమిలీ పిల్లలను పోషించడానికి హోటళ్ళ నిర్వహణను వృత్తిగా స్వీకరించింది. కుటుంబం మిల్లెడ్జ్‌విల్‌కు చేరింది. తల్లి పనిలో మునిగి ఉండగా పిల్లవాడు హోటలు ముందుగదిలో ఒక మూల కూర్చొని, వచ్చేపోయే వారిని చూస్తూ ఉండేవాడు. దర్పం ఒలకబోస్తూ వచ్చే వ్యాపారులు, అతివినయం చూపే అతిథులు, చేతిలో డబ్బు లేకపోయినా పెద్దరికాన్ని విడువని మనుషులు ఆయనకు అక్కడే పరిచయమయ్యారు. ముందుగదిలో కూర్చొని మనుషులను గమనించే ఈ అలవాటు నటుడిగా ప్రసిద్ధుడైన తరువాత కూడా ఆయనను విడిచిపెట్టలేదు. తెరమీద ఆయన ప్రదర్శించిన హావభావాలకు తొలి పాఠశాల ఆ హోటలే.

బాల్యంలో మరొక విషాదం ఆయనను వెంటాడింది. అన్న శామ్ ఓకోనీ నదిలో మునిగిపోగా, నార్వెల్ నీటిలోకి దిగి అతనిని ఒడ్డుకు చేర్చాడు. కానీ ప్రాణం దక్కించలేకపోయాడు. చదువు మీద ఆ పిల్లవాడికి మనసు నిలువలేదు. తల్లి అతనిని సైనిక శిక్షణ ఇచ్చే విద్యాలయంలో చేర్పించింది. అక్కడా అతడు కుదురుకోలేదు. చక్కని కంఠం ఉండటంచేత సంగీతం నేర్చుకొమ్మని అట్లాంటా నగరానికి పంపగా, పాఠాలు ఎగ్గొట్టి ఒక నాటకశాలలో పాటలు పాడి కూలి సంపాదించసాగాడు. చిన్ననాటినుంచే అతనిది భారీకాయం. తోటివారి పరిహాసాలు అతనికి కొత్తకాదు.

1910లో మిల్లెడ్జ్‌విల్‌లో ఒక సినిమాహాలు వెలిసింది. పద్దెనిమిదేళ్ళ హార్డీ అందులో చేరి, యంత్రం తిప్పడం, టిక్కెట్లు చూడటం, హాలు ఊడ్చడం మొదలుకొని నిర్వహణ వరకూ అన్ని పనులూ తానే చేశాడు. ప్రతిరోజూ తెరమీద బొమ్మలను చూస్తూ, ఈ నటులకంటే తానేమీ తీసిపోనని నిశ్చయించుకొన్నాడు. 1913లో ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్ నగరానికి వెళ్ళాడు. అప్పట్లో అది చిత్రనిర్మాణానికి ముఖ్య కేంద్రాలలో ఒకటి. రాత్రులు వినోదశాలలలో పాటలు పాడుతూ, పగలు లూబిన్ చిత్రసంస్థ చుట్టూ తిరిగి, 1914లో తొలిసారి తెరమీద కనిపించాడు. 1915 నాటికి ఆ సంస్థ తీసిన దాదాపు 50 చిన్న చిత్రాలలో నటించాడు. ఆ ఊరి మంగలి ఒకడు గడ్డం గీసిన తరువాత ఆయన బుగ్గలమీద పౌడరు అద్దుతూ పసిబిడ్డను ముద్దు చేసినట్లు పిలిచేవాడట. అలా వచ్చిన బేబ్ అనే ముద్దుపేరు మిత్రుల నోట జీవితాంతం నిలిచింది.

ఆరడుగుల ఒక అంగుళం ఎత్తు, 300 పౌండ్ల వరకు, అంటే సుమారు 136 కిలోల బరువు గల ఈ యువకుడిని నిర్మాతలు ఎలా ఉపయోగించుకొన్నారో 1916లో వచ్చిన ఒక చిత్రమాల పేరే చెబుతుంది. దాని పేరు ప్లంప్ అండ్ రంట్. అందులో మొదటి మాటకు బొద్దుగా ఉన్నవాడని, రెండవదానికి గిడసబారినవాడని అర్థం. బొద్దువాడు హార్డీ, గిడసవాడు బిల్లీ రూజ్ అనే నటుడు. పాత్రకు మనిషి పేరు పెట్టవలసిన చోట శరీరం పేరు పెట్టారు. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో ప్రవేశించింది. సైనికుని కుమారుడైన హార్డీ తానూ సైన్యంలో చేరాలనుకొన్నాడు. శరీర పరిమాణాన్ని కారణంగా చూపి సైన్యం ఆయనను తిరస్కరించింది. తెరమీద గిరాకీ తెచ్చిన శరీరమే తెర వెలుపల ఒక ద్వారాన్ని మూసివేసింది. అదే సంవత్సరం ఆయన లాస్ ఏంజెలెస్ నగరానికి తరలివెళ్ళాడు. అక్కడ కొన్నేళ్ళపాటు లారీ సీమన్ అనే హాస్యనటుని చిత్రాలలో ఎక్కువగా ప్రతినాయక పాత్రలు ధరించాడు. చిన్న నాయకుడిని బెదిరించే పెద్ద శరీరంగానే ఆయనను చూశారు.

ఆ కాలంలో లావుపాటి నటుల పరిస్థితి ఎటువంటిదో తెలుసుకోవడానికి రోస్కో ఆర్‌బకిల్ జీవితాన్ని చూడాలి. ఆయన 1910వ దశకంలో అమెరికాలో అత్యంత ప్రజాదరణ పొందిన హాస్యనటులలో ఒకడు. లావుపాటివాడు అని అర్థమిచ్చే ఫాటీ అనే పేరుతోనే జనం ఆయనను ఎరుగుదురు. తెర వెలుపల ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయన సహించేవాడు కాదు. 1921లో ఒక నటి మరణానికి ఆయన కారకుడనే ఆరోపణ వచ్చింది. అంతవరకు ఆయన శరీరాన్ని చూసి నవ్విన సమాజమే దానిని భయంకరమైనదిగా చిత్రించింది. ఆయన బరువునే నేరానికి సాక్ష్యంగా చూపుతూ పత్రికలు కథలు అల్లాయి. మూడు విచారణల తరువాత 1922 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆయన నిర్దోషి అని తేల్చింది. అయినా పోయిన ప్రతిష్ఠ పూర్తిగా తిరిగి రాలేదు. 1933లో 46 ఏళ్ళ వయసులో ఆయన మరణించాడు. మనిషిని అతని శరీరంతోనే గుర్తించే లోకం ఒక్క క్షణంలో నవ్వును ద్వేషంగా మార్చగలదని ఆర్‌బకిల్ జీవితం హెచ్చరిస్తుంది.

హార్డీ జీవితం మరొక దారి పట్టింది. 1924లో ఆయన హాల్ రోచ్ అనే నిర్మాత సంస్థలో చేరాడు. ఇంగ్లండులోని అల్వర్‌స్టన్‌లో 1890లో పుట్టి, నాటకరంగంనుంచి వచ్చిన స్టాన్ లారెల్ కూడా అక్కడే పనిచేస్తున్నాడు. వారిద్దరూ అంతకుముందు 1921లో విడుదలైన ఒక చిన్న చిత్రంలో కనిపించారు. కాని అప్పుడు వారు జంట కాదు. హాల్ రోచ్ సంస్థలో చిత్రాల పర్యవేక్షకుడైన లియో మెక్‌కేరీ, వీరిద్దరూ ఎదురుపడినప్పుడు ప్రేక్షకులు ప్రత్యేకంగా స్పందిస్తున్నారని గమనించాడు. 1927లో లారెల్, హార్డీల జంట స్థిరపడింది. వారు కలిసి మొత్తం 107 చిత్రాలలో కనిపించారు.

ఒకరు సన్నగా, మరొకరు లావుగా ఉండటం ఈ జంటకు ఆకర్షణ అయిన మాట నిజమే. అయితే వారి హాస్యం అంతటితో ఆగిపోయి ఉంటే లోకం వారిని ఎన్నడో మరచిపోయేది. హార్డీ సృష్టించిన పాత్రలో బరువు కంటే మర్యాద ప్రధానమైనది. చిరిగిన కోటు తొడుక్కొన్నా, చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా ఆ పాత్ర తనను తాను గొప్ప పెద్దమనిషిగా భావించుకొంటుంది. స్త్రీలు ఎదురైతే మెడలోని టై కొసను వేళ్ళతో సుతారంగా ఆడిస్తూ సిగ్గుపడుతుంది. తలుపు తట్టడంలో, సంతకం చేయడంలో, టోపీ తీయడంలో ఒక నాజూకుతనం చూపుతుంది. స్నేహితుని తెలివితక్కువతనంవల్ల నెత్తిమీద ఇటుకలు పడినప్పుడు కేకలు వేయకుండా, నిస్సహాయంగా కెమెరావైపు, అంటే మనవైపు చూస్తుంది. ఆ చూపుతో ప్రేక్షకుడు ఆయన కష్టానికి సాక్షి అవుతాడు. అప్పుడు మనం లావును చూసి నవ్వడం లేదు. పరువు నిలుపుకోవాలని తంటాలుపడే మనిషిలో మనలను మనమే చూసుకొని నవ్వుతున్నాం. మిల్లెడ్జ్‌విల్ హోటలులో చిన్ననాడు చూసిన మనుషులందరూ ఆ పాత్రలో చేరారు.

పేరు విషయంలో కూడా ఈ చిత్రాలు కొత్త మర్యాదను నెలకొల్పాయి. వారు తెరమీద మారుపేర్లు ధరించకుండా, తమ సొంత పేర్లతోనే కనిపించారు. ఒకప్పుడు బొద్దువాడుగా పరిచయమైన నటుడు ఇప్పుడు హార్డీగారుగా పరిచయమయ్యాడు. కొన్ని చిత్రాలలో ఆ పాత్ర ఛాతీ విరుచుకొని తన పేరును ఆలివర్ నార్వెల్ హార్డీ అని పూర్తిగా ప్రకటించుకొంటుంది. హాస్యం కోసం చేసినదే అయినా, తల్లి పేరునూ తండ్రి పేరునూ కలిపి లోకానికి వినిపించిన ఆ ప్రకటనలో ఒక ఆత్మగౌరవం ఉంది.

మాటల చిత్రాలు వచ్చినప్పుడు ఎందరో మూగచిత్ర నటులు వెనుకబడ్డారు. హార్డీకి మాత్రం దక్షిణాది యాసతో కూడిన మృదువైన కంఠం వరమైంది. 1932లో వచ్చిన ది మ్యూజిక్ బాక్స్ అనే చిత్రంలో ఇద్దరు మిత్రులు ఒక పియానోపెట్టెను 130కి పైగా మెట్లు ఉన్న గట్టుమీదికి మోసుకుపోతారు. పెట్టె పలుమార్లు జారి కిందికి వస్తుంది. వారు మళ్ళీ మొదలుపెడతారు. ఈ చిన్న చిత్రానికి ఆస్కార్ పురస్కారం లభించింది. 1937 నాటి వే అవుట్ వెస్ట్ చిత్రంలో ఆయన చేసిన నృత్యాన్ని చూసినవారు అంతటి శరీరం అంత తేలికగా ఎలా కదిలిందా అని ఆశ్చర్యపోతారు. తెర వెలుపల ఆయన గోల్ఫ్ ఆటలో నేర్పరి. లావుగా ఉన్నవాడు సోమరి, చేతకానివాడు అనే లోకాభిప్రాయానికి ఆయన జీవితమే సమాధానం.

ఈ జంట ప్రభావం దేశదేశాలకు వ్యాపించింది. తెలుగు తెరమీద రేలంగి, రమణారెడ్డి జంటను తలచుకొన్నప్పుడు చాలామందికి లారెల్, హార్డీలు గుర్తుకు రావడం సహజం. నిండైన విగ్రహంతో రేలంగి, బక్కపలుచని దేహంతో రమణారెడ్డి పక్కపక్కన నిలిస్తే నవ్వు పుట్టేది. అయితే వారిని నేటికీ మనం తలచుకొంటున్నది ఆకారాలవల్ల కాదు, అభినయంవల్ల. హార్డీ విషయంలోనూ జరిగింది అదే.

1940 తరువాత లారెల్, హార్డీల ప్రాభవం చిత్రసీమలో తగ్గింది. పెద్ద సంస్థలలో వారికి మునుపటి స్వేచ్ఛ లభించలేదు. ప్రజల ప్రేమ మాత్రం తగ్గలేదు. 1953 సెప్టెంబరులో వారి ఓడ ఐర్లండులోని కోబ్ రేవుకు చేరినప్పుడు వేలాది జనం స్వాగతం పలికారు. అక్కడి చర్చి గంటలు వారి చిత్రాల పరిచయ సంగీతాన్ని మోగించాయి. ఇద్దరు వృద్ధ నటులూ కన్నీళ్ళు ఆపుకోలేకపోయారు.

కాని అప్పటికే హార్డీ శరీరం అలసిపోయింది. ఏళ్ళ తరబడి మోసిన అధిక బరువుకు పొగతాగే అలవాటు తోడైంది. 1954లో ఇంగ్లండు పర్యటనలో ఉండగా ఆయనకు గుండెపోటు వచ్చింది. ఆ రోజులలో గుండెజబ్బుకు కారణాలు నేడు తెలిసినంత స్పష్టంగా తెలియవు. ఆ కారణాలను వెదకడానికి అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 1948లో ఒక దీర్ఘకాల పరిశోధన అప్పుడప్పుడే మొదలైంది. పొగాకు హానిని వివరిస్తూ అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక వెలువడింది 1964లో. హార్డీ తరానికి ఆ హెచ్చరికలు అందలేదు.

1956లో ఆయన ఆరోగ్యంపై దృష్టి పెట్టి, కొద్ది నెలలలోనే 150 పౌండ్లకు పైగా, అంటే సుమారు 68 కిలోల బరువు తగ్గాడు. లోకమంతా ఎరిగిన గుండ్రని ముఖం మాయమైంది. పాత మిత్రులు సైతం పోల్చుకోలేనంతగా రూపం మారిపోయింది. ఆయనకు కాన్సరు సోకినట్లు లారెల్ తన ఉత్తరాలలో పేర్కొన్నాడు. అందుచేత ఆ తగ్గుదలలో పథ్యం పాత్ర ఎంతో, వ్యాధి పాత్ర ఎంతో నిర్ణయించడం కష్టం. జీవితాంతం ఏ శరీరంతో జనాన్ని నవ్వించాడో ఆ శరీరమే ఆయనకు పరాయిదైపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరు 14న పక్షవాతం వచ్చి మంచానపడ్డాడు. చక్కగా పాడిన గొంతు మూగబోయింది. 1957 ఆగస్టు 7న, 65వ ఏట ఆయన కన్నుమూశాడు. అనారోగ్యంచేత లారెల్ మిత్రుని అంత్యక్రియలకు వెళ్ళలేకపోయాడు. ఆ తరువాత 1965లో తాను మరణించేవరకు లారెల్ మళ్ళీ నటించలేదు. హార్డీ లేని జంటను ఆయన ఊహించుకోలేకపోయాడు.

హార్డీ కాలంలో స్థూలకాయం కొందరికే పరిమితమైన లక్షణం. అందుకే అది తెరమీద వింతగా తోచింది. నేడు పరిస్థితి మారింది. 1960వ దశకం ప్రారంభంలో అమెరికా వయోజనులలో సుమారు 13 శాతం మంది స్థూలకాయులు కాగా, 2017-18 నాటికి ఆ సంఖ్య 42 శాతానికి చేరింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో 89 కోట్ల మంది వయోజనులు స్థూలకాయంతో ఉన్నారు. మన దేశంలోనూ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువు లేదా స్థూలకాయం గల మహిళలు 2005-06లో సుమారు 13 శాతం ఉండగా, 2019-21 నాటికి 24 శాతం అయ్యారు. పురుషులలో అది 9 శాతంనుంచి 23 శాతానికి పెరిగింది. శ్రమ తగ్గిన పనులు, నడక తగ్గిన ప్రయాణాలు, చక్కెర, నూనెలు అధికంగా గల తినుబండారాలు, నిద్రలేమి, మానసిక ఒత్తిడి, వంశపారంపర్య లక్షణాలు ఇందుకు కారణాలు. అధిక రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బులు దీని వెంట వస్తాయి. కోట్లమందికి ఒకేకాలంలో వచ్చిన ఈ సమస్యను ఒక్కొక్క మనిషి సోమరితనంగా భావించడం అవివేకం.

ఈ పరిస్థితిలో హార్డీ జీవితం మనకు రెండు సత్యాలను చెబుతుంది. మొదటిది, శరీర బరువు మనిషి యోగ్యతకు కొలత కాదు. రెండవది, ఆ బరువు ఆరోగ్యానికి తెచ్చే ముప్పును నవ్వుతో కప్పిపుచ్చలేము. ఈ రెండింటిలో ఒకదానిని అంగీకరించి మరొకదానిని కాదనడం తగదు. లావుగా ఉన్న సహాధ్యాయిని మారుపేరుతో పిలిచి నవ్వేవారు అతనికి ఆరోగ్యాన్ని ఇవ్వలేరు. అతడు ఆటస్థలానికి రావడానికే వెనుకాడేటట్లు మాత్రం చేయగలరు. అతనిని పేరుపెట్టి పిలిచి, ఆటలో కలుపుకొనే మిత్రుడు వైద్యుడు చేయలేని మేలు చేస్తాడు.

తెరమీద హార్డీ ఎన్నోసార్లు కిందపడ్డాడు. పడిన ప్రతిసారీ లేచి, కోటు దులుపుకొని, టోపీ సరిచేసుకొని, పెద్దమనిషిగా మళ్ళీ నిలబడ్డాడు. బొద్దువాడు అన్న మాటతో మొదలైన ఆయన ప్రయాణం తల్లిదండ్రులు ఇచ్చిన పేరుతో ముగిసింది. ప్రతి మనిషికీ ఆ పేరు దక్కనివ్వడమే ఆయన పంచిన నవ్వుకు మనం చెల్లించగల మూల్యం.